శుక్రవారం చెప్పని మాట

సుధామణి టీచర్ని పోయిన వారం స్కూలు గేటు దగ్గర, విప్పిన గొడుగు అలాగే పట్టుకుని నిలబడి ఉండగా వదిలేశాం. వాన వెలిసి చాలాసేపయింది. అయినా ఆవిడ గొడుగు ముడవలేదు. ఎదురుగా ట్రాలీ ఆటోలోంచి దిగుతున్న ఏడో తరగతి అర్ఫాని, ఆ పిల్ల తండ్రి ఖాలిక్‌ని చూడకుండా తప్పించుకోవడానికి ఆ గొడుగు కాస్త చాటుగా పనికొస్తోంది.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. గవర్నర్‌పేటలోని ఈ మిడిల్ స్కూల్లో ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల ఇళ్ళకి వారం వారం కబురు పంపే పని ఎన్నో ఏళ్ళుగా సుధామణిది. ఏ క్లాసులో ఏ పాఠం నడుస్తోంది, వచ్చే వారం పరీక్షలా పోటీలా, పిల్లల చేత ఏమేం పంపాలి, అన్నీ తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో చక్కటి తెలుగులో రాసిపెడుతుంది. ఒక్క అచ్చుతప్పు ఉండదు. కింద వరసగా దండం బొమ్మలు పడతాయి. ఆ దండాలన్నీ చదివాక పెట్టినవేనని ఆవిడ నమ్మకం. నమ్మకానికి ఖర్చేముంది.

కిందటేడు సాలేహా వచ్చింది. సైన్సు టీచరు, చిన్నపిల్ల, నవ్వితే క్లాసంతా నవ్వుతుంది. సుధామణి రాసిన కబురునే ఫోన్లో నోటితో చెప్పి, ఆ వాయిస్‌ని కూడా గ్రూపులో పెట్టడం మొదలుపెట్టింది. "అన్నయ్యలూ, వదినలూ, ఈ వారం మన ఆరో తరగతి వాళ్ళు భిన్నాలు మొదలెట్టారు, ఇంట్లో దోసె కోసేటప్పుడు ఒకసారి అడిగి చూడండి" అంటూ మొదలెడితే ఎవరైనా వినాల్సిందే. ఆటోనగర్ షెడ్లలో పనిచేసే నాన్నలకి చేతులనిండా గ్రీజు. తెర మీద వేలు పెట్టి కిందికి జరుపుకుంటూ చదవడం వాళ్ళకి కుదిరే పని కాదు. ఫోన్ని పనిముట్ల పెట్టె మీద పెట్టి, సౌండు పెంచి, బోల్టులు బిగించుకుంటూ వినేవాళ్ళు. నెల తిరక్కుండా సాలేహా టీచర్ ఆటోనగర్‌లో ఇంటి మనిషయిపోయింది.

అదీ భరించేదేమో సుధామణి. కానీ ఆవిడ భర్త సూర్యప్రకాష్ ఆటోనగర్‌లోనే ఒక స్పేర్ పార్టుల షాపులో లెక్కలు చూస్తాడు. పిల్లలెవరూ ఆ స్కూల్లో లేని ఆ పెద్దమనిషి కూడా క్యారేజీ విప్పుకుని, పక్క షెడ్డులోంచి వచ్చే ఆ గొంతు వింటూ అన్నం తినడం మొదలుపెట్టాడు. ఒక సాయంత్రం ఇంటికొచ్చి, ఏమీ ఎరగనట్టు, "మీ సాలేహా టీచర్ భలే చెబుతుందే. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అన్నారా" అన్నాడు. ఆ రాత్రి ఆయనకి పెరుగులో ఉప్పు పడలేదు, అడిగే ధైర్యం ఆయనకీ లేకపోయింది.

ఇక శుక్రవారం సంగతి. పామర్రులో సోమవారం జరగాల్సిన పిల్లల సైన్సు ప్రదర్శన, ఆ హాలు వేరే పనికి కావలసి రావడంతో, శనివారానికి ముందుకు జరిగింది. కబురు మధ్యాహ్నం దాటాక వచ్చింది. అప్పటికే సాలేహా సెలవు పెట్టి బందరులో చుట్టాల నిశ్చితార్థానికి వెళ్ళిపోయింది. హెడ్మాస్టర్ కొండలయ్య సుధామణిని పిలిచి, "మీరు రాసేది రాయండి. కానీ ఆటోనగర్ వాళ్ళకి సాలేహా చెబితేనే చెప్పినట్టు. ఆ అమ్మాయికి ఫోన్ చేసి, ఎక్కడున్నా ఒక వాయిస్ పెట్టమనండి" అన్నాడు. ఆయన మామూలుగానే అన్నాడు. సుధామణికి మాత్రం ఆ మాట పుండు మీద కారం చల్లినట్టయింది. కబురు రాసి గ్రూపులో పెట్టింది. ఫోన్ మాత్రం చేయలేదు. తన మాట ఒక్కదాన్నీ నమ్మి ఎంతమంది వస్తారో చూద్దామనుకుంది.

చూసింది. శనివారం పొద్దున బస్సు దగ్గరికి గవర్నర్‌పేట షాపుల వాళ్ళ పిల్లలు వచ్చారు, ఉద్యోగస్థుల పిల్లలు వచ్చారు. ఆటోనగర్ నుంచి ఒక్కరంటే ఒక్కరు రాలేదు. వాళ్ళంతా ఈ సోమవారం పొద్దున్నే, ఇస్త్రీ బట్టలు వేసుకుని, బొమ్మలూ యంత్రాలూ మోసుకుని, పండక్కి వచ్చినట్టు వచ్చారు.

ఇదీ జరిగింది. ఇప్పుడు సుధామణి గొడుగు ముడవక తప్పలేదు.

గేటు లోపల కొండలయ్య చేతులు కట్టుకుని నిలబడి, వచ్చినవాళ్ళకి వచ్చినట్టు చెబుతున్నాడు. ప్రదర్శన శనివారమే అయిపోయిందని, గ్రూపులో పెట్టామని, క్షమించమని. ఒకరిద్దరు గట్టిగా మాట్లాడారు. ఒక తల్లి మాత్రం ఏమీ అనకుండా, తన కొడుకు చేసిన అట్టపెట్టె పవన విద్యుత్ కేంద్రాన్ని చంకలో పెట్టుకుని వచ్చిన దారినే వెళ్ళిపోయింది. పిల్లలు బడిలోకి, వాళ్ళు చేసిన వస్తువులు ఇంటికి. మోసుకొచ్చినవాళ్ళంతా మోసుకుపోతున్నారు.

ఖాలిక్ ఒక్కడే కదల్లేదు. వెల్డింగ్ షెడ్డు మనిషి, పొడుగ్గా, కొంచెం వంగి ఉంటాడు. ట్రాలీలోంచి ఒక ఇనప తొట్టిని దించి వరండాలో పెట్టాడు. పొలంలో నీళ్ళు ఎక్కువైతే తలుపు దానంతటదే తెరుచుకుని, తగ్గితే మూసుకునే తూము అది. వర్షాకాలం పామర్రు చుట్టుపక్కల పొలాలు మునగడం చూసి అర్ఫాకి వచ్చిన ఊహ. పాత స్కూటరు మడ్‌గార్డులు కోసి, తండ్రి అతికిపెట్టాడు. మూడు వారాలుగా షెడ్డులో పని అయ్యాక తండ్రీ కూతుళ్ళిద్దరికీ అదే లోకం.

అర్ఫా ఏడవలేదు. తొట్టి పక్కన గొంతుక్కూర్చుని, ఆ చిన్న తలుపుని వేలితో ఎత్తి వదిలి, సరిగ్గా పడుతోందో లేదో చూసుకుంటోంది. ఇంకా ఎవరికో చూపించబోతున్నట్టే. ఆ పిల్ల ఏడ్చినా బాగుండేదనిపించింది సుధామణికి.

"పైన నా గదిలోకి రండి ఖాలిక్ గారూ, కూర్చుని మాట్లాడుకుందాం" అన్నాడు కొండలయ్య. "టీచర్లు, మీరూ రండి."

హెడ్మాస్టర్ గదిలో ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి రావడం లేదు. ఖాలిక్ కుర్చీ చూపించినా కూర్చోలేదు. సాలేహా అప్పుడే బందరు నుంచి తిన్నగా వచ్చినట్టుంది, చేతులకి గోరింటాకు ఇంకా ఎర్రగా ఉంది. సుధామణి కిటికీ పక్కన నిలబడింది.

"నేను గొడవకి రాలేదండి" అన్నాడు ఖాలిక్. "మా అమ్మాయి అడుగుతోంది, ఎందుకిలా జరిగిందని. ఇంటికెళ్ళి ఏదో ఒకటి చెప్పాలి కదండి. అది తెలుసుకుని పోతాను."

కొండలయ్య సాలేహా వైపు తిరిగాడు. "అమ్మా, శుక్రవారం సుధామణి గారు నీకు ఫోన్ చేసి చెప్పారు కదా. వాయిస్ ఎందుకు పెట్టలేదు?"

ఇప్పుడు సుధామణి చెప్పాలి. ఫోన్ చేయలేదు సార్, నేను చేయలేదు, అని నాలుగు మాటలు. నోరు తెరిస్తే అయిపోయేది. కానీ తేలు కుట్టిన దొంగ ఎక్కడైనా అరుస్తాడా? ఆవిడ కిటికీ చువ్వ పట్టుకుని, సాలేహా ఏమంటుందోనని ఎదురుచూసింది. "ఎవరూ నాకు ఫోన్ చేయలేదు సార్" అంటుంది, అంతే. అన్నాక ఏం చేయాలో కూడా ఆలోచించుకుంటోంది. సిగ్నల్ లేదనాలా, రెండుసార్లు చేస్తే ఎత్తలేదనాలా.

సాలేహా సుధామణిని ఒకసారి చూసింది. తర్వాత ఖాలిక్‌ని చూసింది.

"తప్పు నాదే సార్" అంది. "నేనే చెప్పలేదు."

ఖాలిక్ తల ఊపాడు. అతని మొహంలో కోపం రావాల్సిన చోట ఇంకేదో వచ్చింది.

"మీరు ఊరికే మరిచిపోయే మనిషి కాదు టీచరమ్మా" అన్నాడు. "ఏదో ఇబ్బందిలో ఉండుంటారు. బందరులో అంతా బాగానే ఉన్నారు కదా?"

"బాగానే ఉన్నారు భాయ్" అంది సాలేహా. ఆ గొంతు ఎప్పటిలా లేదు.

"అయితే పోనీండి. అల్లా రాయలేదు, అంతే. మా అమ్మాయికి నేను చెప్పుకుంటాను." అని సుధామణి వైపు తిరిగి, వినయంగా చేతులు జోడించాడు. "మీరేం అనుకోకండి మేడమ్. మీరు రాసి పెట్టారంట. మేమే చదవలేదు. మా తప్పు."

సాలేహాని 'టీచరమ్మా' అన్నాడు. తనని 'మేడమ్' అన్నాడు. ఆమెకి యోగక్షేమాలు, తనకి దండం. సుధామణికి ఆ క్షణంలో హాయిగా ఉండాలి న్యాయంగా. నెత్తి మీద పడాల్సిన బండ పక్కవాళ్ళ మీద పడింది, వాళ్ళు దాన్ని దులిపేసుకున్నారు కూడా. కానీ ఆవిడకి హాయి కలగలేదు. ఇదే తప్పు నేను చేశానంటే ఇతను ఇలా మాట్లాడేవాడా? బందరులో అంతా బాగున్నారా అని నన్ను అడిగేవాడా? మెప్పు ఆమెకే, చివరికి తన తప్పు ఎత్తుకుపోయినా దానికి దక్కే దయ కూడా ఆమెకేనా. అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు అన్నట్టు, హెడ్మాస్టర్ నాలుగు తిట్టినా ఇంత బాధ ఉండేది కాదేమో. నవ్విన తోటికోడలు కన్నా, ఆదుకున్న తోటికోడలు మరీ కష్టం.

ఖాలిక్ కిందికి వెళ్ళిపోయాడు. "పామర్రు వాళ్ళకి ఒకసారి ఫోన్ చేసి బతిమాలి చూస్తాను, మీరు బయట ఉండండి" అన్నాడు కొండలయ్య.

పక్క గది సైన్సు ల్యాబు అని బోర్డు ఉంటుంది గానీ, అందులో మ్యాపులు, విరిగిన బెంచీలు, ఆటల సామాను అన్నీ ఉంటాయి. సాలేహా అందులోకి వెళ్ళింది. సుధామణి వెనకే వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది.

ఇన్నాళ్ళూ సాలేహాని 'నువ్వు' అనే పిలిచేది. ఇవాళ నోటికి ఆ చనువు రాలేదు.

"ఎందుకు మీరు మీదేసుకున్నారు?"

"ఏం మీదేసుకున్నాను మేడమ్?"

"తెలీనట్టు మాట్లాడకండి. నేను మీకు ఫోన్ చేయలేదు. ఆ సంగతి మీకూ తెలుసు, నాకూ తెలుసు. హెడ్మాస్టర్ గారి ముందు ఆ మాట చెప్పొచ్చుగా. ఎందుకు చెప్పలేదు? నామీద జాలా? రేపొద్దున స్టాఫ్‌రూమ్‌లో నేను మీకు తలొంచుకుని తిరగాలనా?"

సాలేహా బెంచీ మీద కూర్చుంది. గోరింటాకు పెట్టిన వేళ్ళు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

"మీ కోసం కాదు మేడమ్. నేను ఉన్నదే చెప్పాను."

"ఏమిటి ఉన్నది?"

"శుక్రవారం సాయంత్రమే నేను మీ మెసేజ్ చూశాను. మా పిన్ని వాళ్ళింట్లో, వాకిట్లో కూర్చుని మొత్తం చదివాను. ప్రదర్శన రేపే అని, బస్సు ఏడింటికి అని, టిఫిను ఇంటి నుంచే తెచ్చుకోమని. అంతా చదివాను."

"చదివి?"

"ఫోన్ పక్కన పెట్టేశాను."

సుధామణికి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక నమ్మబుద్ధి కాలేదు. పక్క క్లాసులో పిల్లలు ఎక్కాలు అప్పజెబుతున్నారు. ఆ గోలలో సాలేహా చిన్నగా, ఆగకుండా మాట్లాడింది.

"మీ ఫోన్ వస్తుందని చూశాను. రాలేదు. ప్రతివారం హెడ్మాస్టర్ గారు కబురు ముందు మీకే చెబుతారు. మీరు నాకు చెబుతారు. చెప్పేటప్పుడు మీ మొహం నేను చూస్తాను కదండి. ఇంటికొచ్చిన దానికి పాత చీర పెడుతున్నట్టు చెబుతారు. ఆ రోజు అదీ లేదు. సరే, ఈసారి సుధామణి గారు ఒక్కరే పిలిచారు కదా, ఎవరొస్తారో చూద్దాం అనుకున్నాను. నేను చెప్పకపోతే ఏమవుతుందో మీకు తెలియాలనుకున్నాను. అదండి. నాకేమీ గొప్ప మనసు లేదు."

"పిల్లలున్నారే" అంది సుధామణి. అనేసి, ఆ మాట తనకీ తగిలిందని గ్రహించి ఆగిపోయింది.

"ఉన్నారు. మీకూ ఉన్నారు, నాకూ ఉన్నారు. అర్ఫా ఆ తొట్టి గురించి నన్ను రోజూ అడిగేది. అయినా పెట్టలేదు నేను. శనివారం మధ్యాహ్నం టీచర్ల గ్రూపులో బస్సు ఫోటోలు పెట్టారు చూడండి, అందులో మా పిల్లలెవరూ లేరు. అది చూసినప్పుడు ముందు నాకు సంతోషం వేసింది మేడమ్. అబద్ధమెందుకు. నేను లేకపోతే రారు అని సంతోషం. అది ఎంతోసేపు లేదు గానీ, వేసింది."

"మీకేం తక్కువని నామీద కుళ్ళు?" సుధామణి గొంతు పెరిగింది. ఇన్నాళ్ళూ ఆ కుళ్ళు తన సొంత ఆస్తి. అది ఎదుటి మనిషి దగ్గర కూడా ఉందంటే ఆవిడకి తిక్కగా ఉంది. "ఊరంతా మిమ్మల్నే మెచ్చుకుంటోంది. మా ఇంట్లో మనిషి కూడా."

సాలేహా నవ్వలేక నవ్వింది. "ఏం మెచ్చుకుంటున్నారండి? నేను చెప్పేదంతా మీరు రాసిందే కదా. మీ మెసేజ్ ఎదురుగా పెట్టుకుని చూస్తూ చెబుతాను. పది దాకా ఉర్దూ మీడియం, తర్వాతంతా ఇంగ్లీషు. తెలుగులో నాలుగు లైన్లు రాయాలంటే నాకు చెమటలు పడతాయి. అధికారులొస్తే హెడ్మాస్టర్ గారు ఎవరి మెసేజ్‌లు చూపిస్తారు? మీవి. నా గొంతు విని మురిసిపోయినవాళ్ళని చూసినప్పుడల్లా, ఈ మాటలు నావి కాదు కదా అనుకుంటాను. మీరు ఒక్కసారి నోరు తెరిచి చెప్పడం మొదలెడితే నా పని అయిపోయినట్టే. ఆ భయంతోనే సంవత్సరం నుంచీ బతుకుతున్నాను."

సుధామణి ఎదురు బెంచీ మీద కూలబడింది. సంవత్సరం పాటు తను కళ్ళల్లో నిప్పులు పోసుకుని చూసిన మనిషి, అన్నాళ్ళూ తనని చూసే నిప్పులు పోసుకుందన్నమాట. ఇద్దరూ ఒకే సాయంత్రం, ఒకే ఫోన్ ముందు కూర్చుని, ఒకే పని చేయకుండా ఊరుకున్నారు. మధ్యలో ఆ పిల్ల వరండాలో తూము తలుపు ఎత్తి దించుకుంటోంది.

ఇంకొకరైతే అక్కడే మెత్తబడి, చేయి పట్టుకుని, ఏడ్చి, కలిసిపోయేవాళ్ళు. మన సుధామణి అంత తేలిక మనిషి అయితే ఈ కథ ఇన్ని వారాలు ఎందుకు నడుస్తుంది. ఆవిడకి మొదట గుండె తేలికైన మాట నిజమే. ఆ వెనకే ఇంకో ఆలోచన వచ్చింది. తప్పు ఇద్దరిదీ. కానీ ఒప్పుకున్నది సాలేహా. అందరి ముందూ, ముందుగా, నిలబడి ఒప్పుకుంది. నేను చువ్వ పట్టుకుని నిలబడ్డాను. అంటే ఇందులో కూడా ఆమే ముందన్నమాట.

"హెడ్మాస్టర్ గారితో నేనూ చెబుతాను" అంది పొడిగా.

"చెప్పండి మేడమ్. నేను ఆపలేదుగా."

తలుపు తోసుకుని కొండలయ్య వచ్చాడు. మనిషి మొహం వెలిగిపోతోంది. "ఒప్పుకున్నారు. హాలు లేకపోయినా వరండాలో పెట్టుకుని చూస్తారట. శనివారం నాటి బహుమతులు ఇవాళ సాయంత్రం గానీ చెప్పరట. రెండింటిలోపు మనం పామర్రులో ఉండాలి. బస్సు మాట్లాడేశాను. కానీ పిల్లల సామానంతా ఇళ్ళకి పోయిందే. అందరూ పదకొండింటికల్లా మళ్ళీ తెచ్చి ఇవ్వాలి. సాలేహా అమ్మా, ఒక వాయిస్ పెట్టేసెయ్."

సాలేహా లేవలేదు. "నా గొంతు ఇవాళ వద్దు సార్. సుధామణి గారు చెబుతారు."

కొండలయ్య ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. అడిగే టైము లేదాయనకి. "ఎవరో ఒకరు. తొందరగా" అని, బస్సు వాడితో మాట్లాడటానికి దిగి వెళ్ళిపోయాడు.

సుధామణి ఫోన్ తీసింది. ఎన్నో ఏళ్ళుగా ఆ గ్రూపులో ఎన్ని మాటలు రాసిందో లెక్క లేదు. ఒక్కసారి కూడా ఆ మైకు బొమ్మ ముట్టుకోలేదు. పంతం కొద్దీ ముట్టుకోలేదు.

"ఎలా?" అంది, సాలేహా మొహం చూడకుండా.

"బొటనవేలు దాని మీద నొక్కి ఉంచి మాట్లాడాలి. వేలు తీస్తే వెళ్ళిపోతుంది. చెప్పడం అయిపోయేదాకా తీయకండి."

సుధామణి నొక్కింది. మొదట ఊపిరి చప్పుడే పోయింది లోపలికి. తర్వాత మాటలు వచ్చాయి. వచ్చాక ఆవిడకే ఆశ్చర్యం వేసింది, అంత బాగా వచ్చాయి.

"తల్లిదండ్రులందరికీ నమస్కారం. నేను సుధామణి టీచర్ని. మీ పిల్లలు చేసినవి పామర్రు వాళ్ళు ఇవాళ చూస్తామన్నారు. దయచేసి పదకొండింటికల్లా వాటిని మళ్ళీ స్కూలుకి తీసుకురండి. బస్సు సిద్ధంగా ఉంటుంది. ఇంకొక మాట కూడా చెప్పాలి. శనివారం సంగతి మీకు ఎందుకు తెలియలేదో మీరు తెలుసుకోవాలి."

సాలేహా తలెత్తి చూసింది. ఆపమనలేదు. తలూపింది.

సుధామణి ఇద్దరి సంగతీ చెప్పాలనే మొదలుపెట్టింది. ఈ మాట ఆవిడ తరపున నేను గట్టిగా చెప్పగలను. ముందు సాలేహాది, వెంటనే తనది. అలా అనుకుంది. ఎవరిది ముందు చెప్పాలో మనసు ఎప్పుడు తేల్చుకుందో మాత్రం నన్నడగకండి.

"సాలేహా టీచర్ శుక్రవారం సాయంత్రమే ఆ కబురు చదివారు. చదివి కూడా, కావాలనే, మీకు చెప్పలేదు."

అక్కడ ఊపిరి తీసుకోవడానికి ఆగింది. బొటనవేలు లేచింది.

చిన్న చప్పుడు చేసి వాయిస్ వెళ్ళిపోయింది. సుధామణి తన వేలిని తనే చూసుకుంది. అది జారిందా, తను ఎత్తిందా? చెమటకి జారిందని చెప్పుకోవచ్చు. ఎవరైనా నమ్ముతారు. తను నమ్మగలదా అన్నదే తేలలేదు.

సాలేహా మొహంలో రంగు పోయింది. కానీ ఆమె అడిగింది ఒక్కటే. "రెండోది పెడతారా మేడమ్?"

"పెడతాను" అంది సుధామణి. "వేలు జారింది. చూశావుగా. ఉండు, పెడతాను."

పెట్టడానికి చేయి రాలేదు. ఎందుకంటే సరిగ్గా అప్పుడే కింద వరండాలోంచి, పూర్తి సౌండుతో, ఖాలిక్ ఫోన్లో ఆవిడ గొంతు మొదలైంది. తల్లిదండ్రులందరికీ నమస్కారం. నేను సుధామణి టీచర్ని. తన గొంతు అంత నిండుగా ఉంటుందని ఆవిడకి ఎప్పుడూ తెలియదు. ఇదే గొంతు ఈపాటికి ఆటోనగర్‌లో ప్రతి షెడ్డులోనూ మోగుతూ ఉంటుంది. సూర్యప్రకాష్ కుర్చీలోంచి లేచి, గుమ్మంలోకొచ్చి వింటూ ఉంటాడు. ఇంత జరుగుతున్నా, చెప్పడానికే సిగ్గు, ఆవిడ లోపల ఎక్కడో ఒక మూల చల్లబడింది. అది ఒక్క క్షణమే. తర్వాత కింద ఆ గొంతు సాలేహా పేరు దాకా వచ్చింది, చెప్పాల్సిన సగం చెప్పింది, ఆగిపోయింది.

గ్రూపులో అప్పుడే ముగ్గురు నలుగురు ఏదో టైపు చేస్తున్నారు. సాలేహా తన ఫోన్ని బోర్లా తిప్పి బెంచీ మీద పెట్టేసింది. చూడలేక పెట్టిందని సుధామణికి తెలుసు.

ఇంక ఆలోచించలేదు ఆవిడ. మైకు మీద బొటనవేలు గట్టిగా, గోరు తెల్లబడేంత గట్టిగా నొక్కింది. "నేను సుధామణిని. ఇందాక నా మాట పూర్తి కాలేదు."

తలుపు తెరుచుకుంది. అర్ఫా నిలబడి ఉంది. మెట్లు పరిగెత్తుకొచ్చినట్టుంది, ఆయాసపడుతోంది, ఇస్త్రీ యూనిఫారం మీద తుప్పు మరక. ఆ పిల్ల సాలేహా వైపు చూడలేదు. తిన్నగా సుధామణి ఎదురుగా వచ్చి నిలబడి, క్లాసులో సందేహం అడిగేటప్పుడు అడిగినట్టే, మర్యాదగా అడిగింది.

"మేడమ్, సాలేహా టీచర్ శుక్రవారం ఊళ్ళో లేరు కదా. మరి మాకు వాయిస్ పెట్టమని మీరు ఆమెకి ఫోన్ చేశారా?"

తెర మీద సెకన్లు నడుస్తున్నాయి. ఆ ప్రశ్న కూడా లోపలికి పోయింది. వేలు తీస్తే ఆ ప్రశ్న ఒక్కటే, జవాబు లేకుండా, ఇంటింటికీ వెళ్ళిపోతుంది. తీయకపోతే, ఇప్పుడు తన నోట్లోంచి వచ్చేది ఏదైనా సరే, అదే వెళుతుంది.

సుధామణి నోరు తెరిచింది.